బడి పెద్దదా చిన్నదా, టీచరు కొత్తవారా పాతవారా?

పదిమంది రాసిన లెక్కల పరీక్షలో ఇద్దరికి నూటికి నూరు వస్తే బడి సగటు అమాంతం పెరుగుతుంది. ఆ ఇద్దరికీ జ్వరం వస్తే అంతగానూ పడిపోతుంది. రెండు వందల మంది రాసిన చోట ఇద్దరి వల్ల సగటు పెద్దగా కదలదు. పిల్లలు తగ్గేకొద్దీ సగటు ఊగిసలాడుతుందన్న ఈ నియమాన్ని మరచిపోతే బడుల ర్యాంకులు తప్పుదారి పట్టిస్తాయి.

నార్త్ కరోలినా బడుల ఫలితాలపై థామస్ కేన్, డగ్లస్ స్టైగర్ 2002లో ప్రచురించిన పరిశీలనలో ఇదే తేలింది. పట్టికలో పైన ఎక్కువగా కనిపించినవి చిన్న బడులే, అట్టడుగున కనిపించినవీ అవే. పెన్సిల్వేనియా ఫలితాల్లో హోవార్డ్ వైనర్ కూడా దీన్నే చూపారు. పైగా అక్కడ పదకొండో తరగతిలో పెద్ద బడుల సగటే మెరుగ్గా ఉంది. పై తరగతుల లెక్కలకు ప్రత్యేక టీచర్లను పెట్టుకోవడం పెద్ద బడికి సులువు.

చిన్న బడి వేరు, చిన్న తరగతి వేరు. టెనెసీ రాష్ట్రంలో 1985 నుంచి 1989 దాకా జరిగిన ‘స్టార్’ ప్రయోగంలో పిల్లల్ని, టీచర్లను లాటరీ పద్ధతిలో తరగతులకు కేటాయించారు. 13 నుంచి 17 మంది ఉన్న తరగతుల పిల్లలు, 22 నుంచి 25 మంది ఉన్న తరగతుల వారికన్నా లెక్కల్లోనూ చదవడంలోనూ ముందున్నారు.

టీచరు అనుభవం సంగతి మరోలా ఉంటుంది. టెక్సస్ సమాచారంతో రివ్‌కిన్, హనుషెక్, జాన్ కేన్ 2005లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం అనుభవం వల్ల కలిగే మేలు ఎక్కువగా తొలి ఏళ్లలోనే కనిపిస్తుంది. 52లోంచి 27 తీసేసి 35 అని రాసిన పిల్లవాడు అజాగ్రత్తగా రాయలేదు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేశాడు. ఇలాంటి తప్పు వెనకున్న ఆలోచనను పసిగట్టే నేర్పు తరగతి గదిలోనే అబ్బుతుంది. అందుకే కొత్త టీచరుకు మొదటి ఏడాది సీనియర్ల తోడు అవసరం.

అయితే సర్వీసు ఒక్కటే అన్నీ తేల్చదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ జరిపిన ప్రయోగంలో 100 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు ఒక్కో కాంట్రాక్టు టీచరును అదనంగా ఇచ్చారు. వారికి శిక్షణ తక్కువ, జీతం మరీ తక్కువ. అయినా రెండేళ్లకు ఆ బడుల పిల్లలు లెక్కల్లో స్పష్టంగా మెరుగయ్యారు. ఇద్దరు ముగ్గురు టీచర్లే అయిదు తరగతులనూ లాక్కొచ్చే బడిలో ఇంకొకరు చేరితే ప్రతి పిల్లవాడి పలకా చూసే తీరిక దొరుకుతుంది.