రోడ్డెక్కిన రాకెట్లు: మీకు తెలుసా?

అమెరికాలో ఇంటర్‌స్టేట్ 10 మీద కారులో వెళ్తున్నారు. ముందర నల్ల ప్లాస్టిక్ చుట్టిన పొడవాటి గొట్టమేదో నింపాదిగా పోతోంది. ఏ నీళ్ల పైపో అనుకుని హారన్ కొట్టబోయారు. ఆగండి! అది అంతరిక్షం అంచు చూసొచ్చిన స్పేస్‌ఎక్స్ కంపెనీ ఫాల్కన్ 9 రాకెట్ బూస్టర్ (కింది భాగం) కావచ్చు. పెద్దలకు దారివ్వాలి కదా!

మీకు తెలుసా? ఈ రాకెట్ నడుము కొలత తేల్చింది రోడ్లు! ఫాల్కన్ 9 వ్యాసం 3.66 మీటర్లు. అంతకుమించి లావెక్కితే హైవే మీద తీసుకెళ్లడం గగనం, వంతెనలు అడ్డం. లావు పెరిగే వీల్లేక పొడుగు సాగింది: నిలబెడితే ఏకంగా 70 మీటర్లు. చంద్రుణ్ని అందుకునే ముందు ఫ్లైఓవర్ కింద దూరాలి మరి!

మీకు తెలుసా? చైనాలో ఇదే తంటా రైలు సొరంగాలతో. అక్కడి పాత లాంగ్ మార్చ్ రాకెట్ల వ్యాసం 3.35 మీటర్ల దగ్గరే ఆగిపోయింది. లాంగ్ మార్చ్ 5 మాత్రం 5 మీటర్ల లావు. ఏ సొరంగమూ రానివ్వదు. అందుకే తియాన్‌జిన్ నుంచి ఓడెక్కి హైనాన్ దీవికి వెళ్తుంది. లావైతే సముద్రయానం ఉచితం!

మీకు తెలుసా? ఫాల్కన్ బూస్టర్ కింద నిండు పొడవు ట్రెయిలర్ ఉండదు! ముందు లారీ, వెనక చక్రాల బండి. రెండింటినీ కలుపుతూ మధ్యలో ఉన్నది బూస్టరే. నలభై మీటర్లు దాటిన పొడవు కదా, మలుపు వచ్చిందంటే వెనక చక్రాలనూ విడిగా తిప్పాలి. ముందూ వెనకా దీపాలు మిణుకుమిణుకుమనే ఎస్కార్ట్ కార్లు. పెళ్లి ఊరేగింపుకి బ్యాండుమేళం ఒక్కటే తక్కువ. తన బండికి తానే ఛాసిస్ అయిన సరుకును మరెక్కడైనా చూశారా?

మీకు తెలుసా? ఎగరక ముందే ఈ బూస్టర్ దేశాన్ని అడ్డంగా దాటేస్తుంది. పుట్టేది కాలిఫోర్నియాలోని హాథార్న్‌లో. పరీక్ష టెక్సస్‌లోని మెక్‌గ్రెగర్‌లో. ఆపైన చాలావాటి మజిలీ ఫ్లోరిడాలోని కేప్ కెనావరల్. అంతా కలిపి 4,000 కిలోమీటర్ల పైమాటే. తీరా ఎగిరాక, పైకి వెళ్లి కిందికి దిగడానికి పట్టేది ఎనిమిది నిమిషాల చిల్లర. రోడ్డు మీద రోజులు, నింగిలో నిమిషాలు!

మీకు తెలుసా? ఆ మెక్‌గ్రెగర్ ఉన్నది డల్లాస్ నుంచి ఆస్టిన్ వెళ్లే దారికి కాస్త పక్కనే. ఆ దారిలో వారం వారం తిరిగే తెలుగువాళ్లు కోకొల్లలు. ఎన్ని రాకెట్లను 'ఏదో ట్యాంకర్లే' అని వదిలేశారో!

మీకు తెలుసా? వాడిన బూస్టర్‌ను మసిని బట్టి గుర్తుపట్టొచ్చు. కిందికి దిగేటప్పుడు తన పొగ తనకే అంటుకుంటుంది. కానీ ఒళ్లంతా ఒకేలా అంటదు. కింది భాగంలో కిరసనాయిలు జాతి ఇంధనం. అక్కడ నల్లగా పట్టేస్తుంది. పైభాగంలో ద్రవ ఆక్సిజన్. ఆ చలికి ట్యాంకు మీద మంచు పొర కడుతుంది, మసి సరిగ్గా అంటదు. అందుకే పైన తెలుపు, కింద నలుపు, మధ్యలో గీత గీసినట్టు సరిహద్దు. స్పేస్‌ఎక్స్ వాళ్లు దాన్ని కడిగి మెరిపించే పని పెట్టుకోరు. ఇప్పుడు మసే హోదా! నన్నడిగితే కొత్త తెల్ల బూస్టర్ కన్నా మసిదే అందం. చూడాలంటే సముద్రంలో ఓడ మీద దిగి రేవుకు వచ్చేటప్పుడు చూడడం మేలు, రోడ్డెక్కితే నల్ల ముసుగు వేసేస్తారు.

మీకు తెలుసా? ఒక బూస్టర్ 30 సార్లకు పైగా ఎగిరింది! నంబరు బి1067. ముప్ఫయ్యోసారి ఎగిరిన నెల 2025 ఆగస్టు. వాడి పారేసే వస్తువంటే రాకెట్టే అని ఒకప్పుడు అనేవాళ్లు. పాపం!

మీకు తెలుసా? సముద్రంలో బూస్టర్ దిగే ఓడల పేర్లు ఇయన్ బ్యాంక్స్ సైన్స్ ఫిక్షన్ నవలల్లోవి. 'ఆఫ్ కోర్స్ ఐ స్టిల్ లవ్ యూ' అన్నది ఒకటి. 2016 ఏప్రిల్ 8న ఓడ మీద తొలిసారి క్షేమంగా దిగిన బూస్టర్‌కు చోటిచ్చింది అదే. ప్రేమలేఖ మీద రాకెట్ దిగిందన్నమాట!

మీకు తెలుసా? దిగిన బూస్టర్‌ను కదలకుండా పట్టుకోవడానికి ఓడ మీద మనిషి ఉండడు. ఒక రోబో పాక్కుంటూ బూస్టర్ కిందికి వెళ్లి అడుగును బిగించి పట్టుకుంటుంది. అయినా సముద్రం సముద్రమే. 2020లో ఇద్దరు వ్యోమగాములను పైకి పంపిన బి1058, 19 సార్లు ఎగిరి దిగింది. 2023 డిసెంబరులో రేవుకు వస్తూ దారిలో గాలికీ అలలకూ ఒరిగి పడిపోయింది. నింగిని గెలిచి నీళ్ల దగ్గర ఓడింది.

మీకు తెలుసా? రాకెట్‌ను తెచ్చే ఓడలు నీటి జంతువుకూ మర్యాద చేశాయి. స్పేస్ షటిల్ బూస్టర్లు పారాచూట్లతో అట్లాంటిక్‌లో పడేవి. గజ ఈతగాళ్లు వాటి నాజిల్‌కు బిరడా బిగించి, లోపలి నీళ్లను బయటికి నెట్టేస్తే, అవి దుంగల్లా అడ్డంగా తేలేవి. లిబర్టీ స్టార్, ఫ్రీడమ్ స్టార్ అనే ఓడలు లాక్కొచ్చేవి. తీరం దగ్గర మానటీలు (సముద్రపు ఆవులు) ఉంటాయి. ఫ్యాన్ రెక్కలు వాటికి తగలకుండా ఆ ఓడలకు నీటిని చిమ్మే జెట్లు అమర్చారు. ఆ తర్వాత బూస్టర్ ముక్కలు రైలెక్కి యూటా వెళ్లేవి, మళ్లీ ఇంధనం నింపించుకోవడానికి!

మీకు తెలుసా? 2022 మేలో రాకెట్ ల్యాబ్ కంపెనీ కిందికి దిగుతున్న తన ఎలక్ట్రాన్ బూస్టర్‌ను హెలికాప్టర్ కొక్కెంతో గాల్లోనే పట్టేసింది. బరువు తీరు తేడాగా ఉందని పైలట్ వెంటనే వదిలేశాడు. కాసేపే అయినా పట్టాడుగా!

మీకు తెలుసా? స్పేస్‌ఎక్స్ వాళ్ల స్టార్‌షిప్ రాకెట్ కింది భాగం సూపర్ హెవీ 9 మీటర్ల లావు, 70 మీటర్లకు పైగా ఎత్తు. దీన్ని ఏ హైవే భరిస్తుంది? అందుకే ఫ్యాక్టరీనే టెక్సస్ సముద్రతీరంలో లాంచ్‌ప్యాడ్‌కు దగ్గరగా కట్టారు. పడుకోబెట్టరు, నిలబెట్టే నడిపిస్తారు! ఆ కాసేపు రోడ్డు మూసేస్తారు. 2024 అక్టోబరు 13న ఒకటి తిరిగొచ్చి లాంచ్‌ప్యాడ్ టవర్ యాంత్రిక చేతుల్లో వాలింది కూడా.

మీకు తెలుసా? రోడ్డు పక్క కాపు కాయకుండానే వాడిన ఫాల్కన్ 9ని చూడొచ్చు. స్పేస్ సెంటర్ హ్యూస్టన్‌లో రెండుసార్లు ఎగిరిన బూస్టర్‌ను అడ్డంగా పెట్టారు. కింద నుంచి నడవొచ్చు. హ్యూస్టన్ చుట్టాల ఇంటికి వెళ్లినప్పుడు షాపింగ్‌తో పాటు దీన్నీ చేర్చండి.

మరి మన సంగతి? మన రాకెట్ ఎల్‌వీఎం3కి రెండు ఎస్200 బూస్టర్లు. ఒక్కోటీ 3.2 మీటర్ల లావు. శ్రీహరికోట నుంచి లేచి, పని ముగించి బంగాళాఖాతంలో పడిపోతాయి. వెళ్లడమే, రావడం లేదు. కానీ తిరిగి వాడుకునే మొదటి దశ ఉండే కొత్త తరం రాకెట్‌కు 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం అనుమతి ఇచ్చింది. ఖర్చు 8,240 కోట్లు. దానికి సరిపోయే మూడో లాంచ్‌ప్యాడ్‌ను శ్రీహరికోటలోనే కట్టడానికి 2025 జనవరిలో 3,984.86 కోట్లు మంజూరయ్యాయి.

శ్రీహరికోట దగ్గరి సూళ్లూరుపేట వాళ్లారా, ఫోన్లు చార్జింగ్ పెట్టుకుని ఉండండి. మసి పట్టిన బూస్టర్ మీ ఊరి దారినే వస్తే ముందు ఫోటో తీయండి, తర్వాత దారివ్వండి!