రెప్లికేషన్ ఫిల్టరింగు

ఒక డేటాబేసు సర్వరులో జరిగే మార్పులను వెంటవెంటనే మరొక సర్వరుకు చేరవేయడాన్ని రెప్లికేషన్ అంటారు. అలా చేరవేసేటపుడు కొన్ని పట్టికలను మాత్రమే అనుమతించి, మిగిలినవాటిని ఆపివేసే ఏర్పాటు రెప్లికేషన్ ఫిల్టరింగు. తెలుగు వికీపీడియా డేటాబేసు ఇందుకు మంచి ఉదాహరణ.

అవసరం

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. అంతవరకు గుంటూరు జిల్లాలో ఉన్న మాచర్ల, గురజాల ప్రాంతాల గ్రామాల వ్యాసాలకు జిల్లా వర్గం మార్చవలసిన అవసరం కలిగింది. పాత వర్గంలో మిగిలిపోయిన పేజీలు ఏవో తెలియాలంటే వేటినీ తెరవనక్కరలేదు. క్వారీ అనే పరికరం ద్వారా నకలు డేటాబేసులోని వర్గాల పట్టికను ప్రశ్నిస్తే జాబితా వస్తుంది. అయితే మూల డేటాబేసులో వాడుకరుల సంకేతపదాల హాష్‌లు, ఈమెయిలు చిరునామాలు, దిద్దుబాట్లు చేసినవారి ఐపీ చిరునామాలు కూడా ఉంటాయి. మారుపేరుతో మాచర్ల వ్యాసాన్ని సరిదిద్దిన వ్యక్తి ఎవరో, ఎక్కడినుండి రాసారో ఆ ప్రశ్నల ద్వారా బయటపడరాదు.

పనిచేసే తీరు

మైఎస్‌క్యూఎల్, మరియాడీబీలలో మూల సర్వరు ప్రతి మార్పునూ బైనరీ లాగ్ అనే చిట్టాలో రాస్తుంది. నకలు సర్వరు ఆ చిట్టాను తెచ్చుకుని, రిలే లాగ్‌గా దాచుకుని, ఆపైన అమలు చేస్తుంది. రెప్లికేట్-డూ-టేబుల్ అనే అమరిక పేర్కొన్న పట్టికలనే అనుమతిస్తుంది. రెప్లికేట్-ఇగ్నోర్-టేబుల్ పేర్కొన్నవాటిని వదిలివేస్తుంది.

ఈ జల్లెడ పనిచేసేది అమలు దశలోనే. అంటే రహస్య పట్టికల మార్పులు కూడా రిలే లాగ్ వరకు వచ్చే ఉంటాయి. పని భారం తగ్గించడానికైతే ఇది చాలు గానీ గోప్యతకు చాలదు. అందుకే వికీమీడియా సంస్థ మధ్యలో శానిటేరియం అనే సర్వరును నిలిపింది. చెక్‌యూజర్ పట్టికల వంటివి అక్కడే పూర్తిగా ఆగిపోతాయి. వాడుకరి పట్టిక ముందుకు వెళ్తుంది గానీ, అందులోని సంకేతపదం, ఈమెయిలు నిలువు వరుసలను ట్రిగ్గర్లు ఖాళీ చేస్తాయి. ప్రజలు వాడే సర్వరుకు అందేది శానిటేరియం తిరిగి రాసిన చిట్టా మాత్రమే.

చిక్కులు

చిట్టాలో మార్పులకు బదులు ఎస్‌క్యూఎల్ వాక్యాలనే రాసే పద్ధతిలో, అనుమతించిన పట్టికలోకి ఆపివేసిన పట్టికనుండి సమాచారం తెచ్చే వాక్యం వస్తే, నకలు సర్వరులో ఆ రెండవ పట్టిక లేనందున రెప్లికేషన్ ఆగిపోతుంది. మార్పు చెందిన వరుసలను రాసే పద్ధతిలో ఈ బాధ లేదు.

నిషేధ జాబితాను మాత్రమే నమ్ముకుంటే, సాఫ్టువేరు కొత్తగా సృష్టించిన రహస్య పట్టిక ఎవరూ గమనించకుండానే దాటిపోతుంది. ఈ కారణంగానే ప్రజలు వాడే సర్వరులో పట్టికలను నేరుగా చూడనివ్వరు. అనుమతి జాబితాలో ఉన్న పట్టికలకు మాత్రమే వ్యూలను తయారుచేసి, వాటినే చూడనిస్తారు.