ఇంటి ముంగిటి చదువు

విద్య అనగానే బడి, బల్ల, బెత్తం తలపునకు రావడం మనకు అలవాటు. కాని శిశువు మాట నేర్చింది ఏ బడిలోనూ కాదు. తల్లి ఒడిలో, అక్క చంకలో, ముంగిటి ఆటలో నేర్చింది. బడిలో అడుగుపెట్టేనాటికే ఆ పసివాడు ఒక భాషను తన వశం చేసుకొని ఉంటాడు. ఇంత నేర్పిన ఇల్లు, బడి మొదలైన మరునాటి నుండి చేతులు ముడుచుకొని కూర్చోవడం ఎంతవరకు సమంజసం? ఈ ప్రశ్నను మేము ముఖ్యంగా మన కళాశాల విద్యార్థినీ విద్యార్థుల ముందు ఉంచదలచాము.

అందుకు కారణం లేకపోలేదు. మీలో పలువురు మీ కుటుంబాలలో కళాశాల గడప తొక్కిన మొదటి తరం వారు. మీ ఇండ్లలో ఒకటి, రెండు, మూడు తరగతులు చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు. ఇంట వినబడేది దక్కనీ ఉర్దూ. బడిలో వినబడేది తెలుగో, ఇంగ్లీషో. తెలియని మాటల నడుమ పసివాడు మౌనం వహిస్తాడు. ఆ మౌనాన్ని లోకం మందబుద్ధిగా పొరబడుతుంది. చదవడం, లెక్కించడం తొలి మూడేండ్లలో పట్టుబడకపోతే పై తరగతుల పాఠాలన్నీ ఇసుక మీద లేపిన గోడలే. కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రారంభించిన నిపుణ్ భారత్ పథకం, 2026-27 నాటికి ప్రతి బిడ్డకు మూడవ తరగతి ముగిసేలోగా ఈ రెండు శక్తులు అలవడాలని లక్ష్యం పెట్టుకొన్నది ఇందుకే.

ఆటతో చదువు నేర్పవచ్చునన్నది కొత్త మాట కాదు. 1920లో భావనగర్‌లో బాలమందిరం నెలకొల్పిన గిజుభాయి బధేకా బెత్తానికి బదులు కథను, ఆటను చేపట్టారు. మన హైదరాబాదులోనే 1897లో జన్మించిన డాక్టర్ జాకిర్ హుస్సేన్, 1937లో వార్ధా విద్యా ప్రణాళికను రూపొందించిన సంఘానికి అధ్యక్షులై, చేతి పనితో ముడిపడిన చదువును ప్రతిపాదించారు. వారి బాటలో మన ఇండ్లలో, చిల్లిగవ్వ ఖర్చు లేకుండా చేయదగిన పనులు కొన్ని ఇక్కడ వివరిస్తాము.

మొదట భాష. ఉర్దూ, తెలుగు రెండింటా వాడుకలో ఉన్న మాటలను పిల్లలచేత ఏరించండి. జవాబు, సవాలు, ఖర్చు, కుర్చీ, రుమాలు, జేబు, బజారు, దుకాణం, మైదానం, తారీఖు - రోజుకు ఐదు మాటల చొప్పున ఒక పాత నోటుపుస్తకంలో రెండు లిపులలోనూ వ్రాయించండి. తెలుగు తనకు పరాయిది కాదని, సగం దారి తానిదివరకే నడిచివచ్చానని ఆ బిడ్డకు తెలుస్తుంది. ఒక లిపి ఎడమ నుండి కుడికి, మరొకటి కుడి నుండి ఎడమకు సాగడం పిల్లలకు ఎంతో వినోదం. ఇక తెలుగులో దీర్ఘానికి, ద్విత్వానికి ఉన్న విలువను జంట పదాలతో ఆటగా చెప్పవచ్చు. కలము, కాలము, పడు, పాడు, గద, గద్ద - ఒకరు పలకాలి, రెండవవారు బొమ్మ గీయాలి లేదా అభినయించాలి. పెద్దలు ఆడుకొనే బైత్‌బాజీ, తెలుగువారి అంత్యాక్షరి ఒకే తీరున సాగే ఆటలు. పద్యాలకు బదులు మాటలతో ఆడిస్తే అవే పిల్లల ఆటలవుతాయి.

గణితంలో రెండు భాషలు రెండు చేతులవలె తోడ్పడతాయి. ఉర్దూలో ఇరవై తొమ్మిదిని 'ఉన్తీస్' అంటారు. అందులో వినబడేది ముప్పైకి ఒకటి తక్కువ అన్న భావం. తెలుగులోనైతే ఇరవై, తొమ్మిది అని పదులు, ఒకట్లు విడివిడిగా పలుకుతాయి. కనుక స్థానవిలువను తెలుగు మాటలతో చెప్పడం సుళువు. చీపురుపుల్లలను పదేసి చొప్పున దారంతో కట్టి, రెండు కట్టలు, తొమ్మిది విడి పుల్లలు పెట్టి 'ఇరవై తొమ్మిది' అనిపించండి. భిన్నాల వద్దకు వచ్చేసరికి ఉర్దూ ముందుంటుంది. ఒకటింబావుకు సవా, ఒకటిన్నరకు డేఢ్, రెండున్నరకు ఢాయీ అని ఒక్కొక్క మాటే ఉన్నది. రొట్టెను నాలుగు ముక్కలుగా తుంచి పావు, అర, ముప్పావు చూపిన తరువాత ఈ మాటలు కలిపితే భిన్నం భయపెట్టదు. వామనగుంటల పీట దొరికితే మరీ మంచిది. పద్నాలుగు గుంటలకు గుంటకు నాలుగు చింతగింజల చొప్పున ఎన్ని కావాలో ముందు ఊహించమనండి, పోసి లెక్కపెట్టమనండి. యాభై ఆరు అని తేలినప్పుడు ఎక్కం ఎందుకో వాడికి బోధపడుతుంది.

విజ్ఞానశాస్త్రానికి వంటిల్లే ప్రయోగశాల. మంచినీటిలో మునిగిన కోడిగుడ్డు, ఉప్పు బాగా కలిపిన నీటిలో తేలుతుంది. తడిగుడ్డలో మూటగట్టిన పెసలు ఒకటి రెండు రోజుల్లో మొలకెత్తుతాయి, పొడిగుడ్డలోనివి మొలకెత్తవు. కారణం మీరు వెంటనే చెప్పకండి, పిల్లలనే ఊహించనివ్వండి. ముంగిట కర్ర పాతి గంటగంటకు నీడ కొసను సుద్దముక్కతో గుర్తు పెట్టించండి. నీడ మిట్టమధ్యాహ్నం అన్నిటికంటె పొట్టిదవుతుంది. హైదరాబాదులో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో నిటారు కర్ర నీడ ఆ వేళకు పూర్తిగా దాని పాదంలో దాగిపోతుంది. అలాగే నెలవంక కనబడిన రాత్రి నుండి తిరిగి నెలవంక కనబడేవరకు రోజూ చంద్రుని ఆకారం గీయించండి. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులు గనుక రంజాన్ ఏటా పదిపదకొండు రోజులు ముందుకు జరుగుతుందని, తెలుగు పంచాంగం అధికమాసం చేర్చుకోవడం వల్ల ఉగాది మార్చి, ఏప్రిల్ నెలలను దాటిపోదని అప్పుడు చెప్పవచ్చు.

సాంఘికశాస్త్రానికి ఇంటి నుండి బడిదాకా ఉన్న దారి చాలు. నమాజుకు పెద్దలు నిలిచే దిక్కు మన ప్రాంతంలో ఇంచుమించు పడమర అని పిల్లలెరుగుదురు. ఆ ఒక్క దిక్కును ఆధారంగా పటం గీయించండి. దానిలో కిరాణా కొట్టు, చెట్టు, మసీదు, గుడి, బస్సు ఆగే చోటు గుర్తించమనండి. నానమ్మను తన చిన్ననాటి వీధిని గురించి అడిగించి నాలుగు వాక్యాలు వ్రాయిస్తే అదే చరిత్ర రచనకు తొలిమెట్టు.

ఈ పనులలో పాటించవలసిన నియమాలు స్వల్పం. రోజుకు అరగంట మించరాదు. తప్పు చెప్పిన బిడ్డను పరిహసించరాదు; 'ఎట్లా అనుకొన్నావు?' అని అడగాలి. ఏ భాషలో జవాబు చెప్పినా ముందు స్వీకరించి, ఆ తరువాతనే రెండవ భాషలో మాట అందించాలి. చదువురాని తల్లిని తప్పక ఈ ఆటలో చేర్చాలి. కొలత, వెల, రుచి, ఋతువు ఆమెకు తెలిసినంతగా మనకు తెలియవు.

ప్రియ విద్యార్థులారా! మీ పట్టాలు మీకు ఉద్యోగమిచ్చినా, ఇవ్వకపోయినా ఈ అరగంట మాత్రం మీ ఇంటిలో మరొక పట్టభద్రునికి పునాది వేయగలదు. మీ చెల్లెలు బడిలో మొదటిసారి చేయెత్తి జవాబు చెప్పిన నాడు, మీరు చదివిన చదువు ఆ ఇంటికంతటికీ దక్కినట్లే.