వేసవిలో దూరపు కాలినడక: నీటి లెక్క

ఏటా ఉగాదికి ముందు కన్నడ సీమ నుంచి, కర్నూలు జిల్లా పడమటి గ్రామాల నుంచి వేలాది జనం శ్రీశైలానికి కాలినడకన పోతారు. ఆలూరులో బయలుదేరినవారు ఆదోని, ఎమ్మిగనూరు, కర్నూలు, ఆత్మకూరు మీదుగా వెంకటాపురం చేరి, అక్కడ నల్లమల అడవిలో ప్రవేశించవచ్చును. నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను దాటిన తరువాత కైలాసద్వారం వస్తుంది. మొత్తం రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దారి. రోజుకు పాతిక కిలోమీటర్ల చొప్పున తొమ్మిది, పది రోజులు పడుతుంది. దారి పొడుగునా అన్నం పెట్టే పుణ్యాత్ములుండగా వేరే ఏర్పాటు ఎందుకని కొందరు అనుకొంటారు. కాని ఉగాది నాటికే ఈ సీమలో పగటి ఉష్ణోగ్రత 40 సెంటీగ్రేడు డిగ్రీలను సమీపిస్తుంది. అట్టి ఎండలో శరీరం ఎంత నీరు కోల్పోతుందో తెలియకుండా మూట కట్టుకొనడం ప్రమాదం.

ఆ లెక్క కష్టమైనది కాదు. అరవై కిలోల మనిషి కొద్దిపాటి మూటతో గంటకు 5 కిలోమీటర్లు నడిస్తే సుమారు 250 కిలో కేలరీలు ఖర్చవుతాయి. చదును నేలమీద ఇందులో దాదాపు అంతా చివరకు వేడిగానే మారుతుంది. చర్మం ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకంటె చల్లగా ఉన్నంతవరకు కొంత వేడి దానంతట అదే బయటకు పోతుంది. గాలి 40 డిగ్రీలకు చేరినప్పుడు వేడి తిరిగి గాలి నుంచే ఒంటికి వస్తుంది. ఇక మిగిలిన మార్గం చెమట ఒక్కటే. ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల గుప్తోష్ణం కావలెను. కనుక 250 కిలో కేలరీలను వదిలించుకొనడానికి 430 గ్రాముల చెమట ఆవిరి కావలసి ఉన్నది. ఎండ తాకిడి వల్ల వచ్చే వేడిని, వృథాగా జారిపోయే చెమటను కూడ కలుపుకొంటే, నడిమధ్యాహ్నం గంటకు ఇంచుమించు ఒక లీటరు అవుతుంది. అయిదు గంటల నడకకు అయిదు లీటర్లు, అంటే అయిదు కిలోల బరువు! మూటలో అన్నిటికంటె బరువైన సరుకు నీరే.

కోస్తా జిల్లాలలో చెమట కారి బట్టలు తడిసిపోతాయి కాబట్టి మనిషి జాగ్రత్తపడతాడు. ఆలూరు ప్రాంతపు పొడిగాలిలో చెమట పుట్టిన క్షణమే ఆరిపోతుంది. చొక్కా మీద తెల్లని ఉప్పుచారలు తప్ప మరో ఆనవాలు ఉండదు. దాహాన్ని నమ్ముకొందామా అంటే అదీ ఆలస్యంగానే హెచ్చరిస్తుంది. నీళ్లు పక్కనే ఉన్నా, ఎండలో శ్రమించేవారు పోయినంత నీరు తాగరని అడాల్ఫ్ అనే అమెరికన్ శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఎడారిలో సైనికులపై జరిపిన పరిశోధనలలో గమనించి, 1947లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. శరీరపు బరువులో నూటికి రెండు పాళ్లు తగ్గేసరికే నడక మందగిస్తుంది. ఇదే పొడిగాలి ఒక ఉపకారం కూడ చేస్తుంది. గాలి 40 డిగ్రీలుండి, సాపేక్ష ఆర్ద్రత నూటికి 20 ఉన్నప్పుడు, తడిగుడ్డ చుట్టిన సీసాలోని నీరు నీడలో 23 డిగ్రీల దరిదాపుకు చల్లబడగలదు.

నీటి బరువు తగ్గించే ఉపాయం నడిచే వేళను మార్చుకొనడమే. ఉష్ణోగ్రత మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో హెచ్చుగాను, సూర్యోదయానికి కాస్త ముందు తక్కువగాను ఉంటుంది. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి, ఎనిమిదిన్నరకల్లా మజిలీ చేరేవానికి పగటి లెక్కలో సగం నీరు కూడ అవసరం కాదు. తారురోడ్డు కూడ అప్పటికి చల్లబడి ఉంటుంది. నడిఎండలో అది 60 డిగ్రీల దాకా కాలుతుంది గనుక, వట్టి పాదాలతో నడిచేవారికి ఇది చిన్న సంగతి కాదు. ఇందుకు పంచాంగం కూడ అనుకూలిస్తుంది. ఉగాదికి చేరవలెనంటే ఫాల్గుణ బహుళ పంచమి ప్రాంతాన బయలుదేరవలెను. ఆనాడు చంద్రుడు రాత్రి పది, పదకొండు గంటల మధ్య ఉదయిస్తాడు. ఆపైన దినానికి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ వచ్చినా, ఏకాదశి వరకు తెల్లవారుజామున ఎంతో కొంత వెన్నెల దొరుకుతుంది. ఆ తరువాత చీకటి. సరిగా ఆ చీకటి రోజులలోనే అడవి వస్తుంది. పులులు సంచరించే నల్లమలలో వేకువ నడక పనికిరాదు. వెలుగు వచ్చాకనే గుంపుగా నడవవలెను. కనుక వెంకటాపురం తరువాత నీరు ఎక్కువగా మోయక తప్పదు.

ఆహారం విషయంలో ఈ సీమవారికి నేర్పవలసినది అంతగా లేదు. ఎండబెట్టిన సజ్జరొట్టెలో తేమ లేనందున బూజు పట్టదు. ఇక్కడివారు బుడ్డలనే వేరుసెనగ గింజలు నూరు గ్రాములు దాదాపు 570 కిలో కేలరీలిస్తాయి. చెమటతో ఉప్పు కూడ పోతుంది గనుక వట్టి నీరే అదే పనిగా తాగడం మంచిది కాదు. అది రక్తంలో సోడియం తగ్గించి మత్తు, మూర్ఛ కలిగించవచ్చును. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ చాలా మేలు. నీరసం ఎక్కువైతే, లీటరు నీటిలో అర టీచెంచా ఉప్పు, ఆరు టీచెంచాల చక్కెర కలిపి కొద్దికొద్దిగా తాగించవలెను.

తోటివాడు పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా అది అలసట అనుకొనరాదు. అది వడదెబ్బ కావచ్చును. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి ఉండవచ్చును. చెమట పడుతున్నది కదా అని ఊరుకొనరాదు. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా నీటితో తడుపుతూ విసరవలెను. స్పృహ లేనివానికి నోట నీరు పోయరాదు. తాగడానికి దాచుకొన్న నీరైనా సరే, ముందు అతని ఒంటిమీద పోసి, చల్లబరుస్తూనే వైద్యుని వద్దకు చేర్చవలెను.