లారీలో అదనపు విద్యుత్ పరికరాలు: తీగ వెంట పొంచి ఉన్న ముప్పు

బళ్లారి, హోసపేట దారుల్లో తిరిగే లారీలను నడిపేవారిలో మన తెలుగువారు అనేకులు. కొత్త బండికి పూజ ముగియగానే క్యాబిన్‌లో ఫ్యాను, ముందు భాగాన పొగమంచు దీపాలు అమర్చుకోవడం ఆనవాయితీ. ఇవి విలాసాలు కావు, రాత్రి ప్రయాణంలో అవసరాలే. అయితే వీటి తీగల విషయంలో చూపే అశ్రద్ధ, క్యాబిన్‌లోనే నిద్రించే డ్రైవరు, క్లీనర్ల ప్రాణాల మీదికి తేగలదు.

ఫ్యూజు పరికరాన్ని కాపాడుతుందని చాలామంది భావిస్తారు. నిజానికి అది ప్రధానంగా కాపాడేది తీగను. బ్యాటరీ నుండి స్విచ్చికి పోయే తీగ చాసిస్‌కు ఒరుసుకొని, పైతొడుగు అరిగిందనుకుందాం. రాగి ఇనుమును తాకిన క్షణమే బ్యాటరీ వందల ఆంపియర్ల విద్యుత్తును వదులుతుంది. తీగ ఎర్రగా కాలి చుట్టూ ఉన్నదాన్ని అంటిస్తుంది. అప్పుడు స్విచ్చి ఆపినా ప్రయోజనం ఉండదు, లోపం స్విచ్చికి ముందే ఉన్నది. కావున ఫ్యూజును డాష్‌బోర్డు వద్ద కాక, బ్యాటరీకి జానెడు దూరంలోనే అమర్చాలి. తీగ రేకును దాటే రంధ్రంలో రబ్బరు బుష్షు తప్పనిసరి.

ఫ్యూజు ఎంతటిది కావాలి? వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 24 వోల్టుల లారీలో 70 వాట్ల దీపాలు రెండింటికి మొత్తం 140 వాట్లు, అనగా సుమారు 6 ఆంపియర్లు. దీనికి 10 ఆంపియర్ల ఫ్యూజు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలును. దీపాల విద్యుత్తును రిలే ద్వారా పంపితే స్విచ్చి కాలిపోదు. ఫ్యూజు మాటిమాటికీ పోతున్నదంటే ఎక్కడో లోపమున్నదని అర్థం. దాని స్థానంలో పెద్ద ఫ్యూజు వేయడం, సిగరెట్టు రేకు చుట్టడం నిప్పును ఆహ్వానించడమే.

మరొక పొరపాటు సర్వసాధారణం. పెద్ద లారీలలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిసి 24 వోల్టులు ఇస్తాయి. 12 వోల్టుల పరికరం కోసం ఒక్క బ్యాటరీ నుండే తీగ లాగడం పలుచోట్ల వాడుక. అప్పుడు ఆ బ్యాటరీ ఎక్కువగా ఖర్చవుతుంది. ఆల్టర్నేటరు మాత్రం రెండింటినీ ఒకే ప్రవాహంతో ఛార్జి చేస్తుంది. ఫలితంగా ఒకటి ఎన్నడూ నిండదు, రెండవది అతిగా ఛార్జి అయి నీరు ఇంకిపోతుంది. కాలక్రమేణా రెండూ చెడతాయి. 24 నుండి 12 వోల్టులకు తగ్గించే కన్వర్టరు అమర్చడం, లేదా 24 వోల్టుల పరికరమే కొనడం దీనికి సరైన మార్గం.

పని మొదలుపెట్టేముందు బ్యాటరీ మైనస్ తీగను మొదట విప్పాలి, ముగిశాక చివరగా బిగించాలి. ఎర్తు తీగను రంగు గీకిన శుభ్రమైన ఇనుముకు బోల్టుతో బిగించాలి. తీగలను మెలివేసి టేపు చుట్టినచో అదురుకు వదులవుతాయి. లగ్గులు వేసి నొక్కించడమే మేలు.

కొద్ది రూపాయల ఫ్యూజు నిలబెట్టేది బండిని మాత్రమే కాదు, దానిలో నిద్రించే మనుషులను కూడా. తీగ వేయించేటప్పుడు యజమాని దగ్గరుండి ఆ ఒక్కటీ చూసుకోవడం శ్రేయస్కరం.