రెండున్నర గంటల్లో అమెరికా!

మహేంద్రమంగళంలో మా పక్కింటి అవ్వ మనవడు శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఉంటాడు. టికెట్ చదివించుకుని అవ్వ ముక్కున వేలేసుకుంది. బెంగళూరులో మధ్యాహ్నం 2:30కి ఎక్కితే అక్కడ సాయంత్రం 5కి దిగుడు, తేదీ కూడా అదే. "రెండున్నర గంటల దూరానికేనా వాడు రెండేండ్లుగా రాంది?"

టికెట్‌లో ఎక్కే వేళ ఎక్కే ఊరిది, దిగే వేళ దిగే ఊరిది. చలికాలంలో మన గడియారం వాళ్లదానికన్నా 13:30 గంటలు ముందుంటుంది. అదీ కలిపితే ప్రయాణం 16 గంటలు. ఎండాకాలంలో వాళ్లు గడియారాన్ని గంట ముందుకు జరుపుకుంటారు గనుక తేడా 12:30 గంటలే.

ఇక దారి సంగతి. పటం మీద స్కేలు పెట్టి గీసిందే దగ్గరి దారి అన్నది చదువుకున్నవాళ్లలోనూ ఉన్న అపోహ. పాలక్కోడు మార్కెట్‌కు పోయే బుట్టలోంచి ఒక టమాటా తీశాను. తొడిమ ఉత్తర ధ్రువం. నడుముకు కాస్త పైన బెంగళూరు చుక్క, దాదాపు వెనకవైపు ఇంకొంచెం పైన శాన్‌ఫ్రాన్సిస్కో. అవ్వ పూలు కట్టే దారం రెంటికీ పట్టి బిగించి లాగితే నడుము మీద నిలవలేదు. జారి తొడిమ పక్కకు చేరింది. ఆ దారం పొడవే సుమారు 14,000 కిలోమీటర్లు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు నేరుగా నడిపిన మొదటి విమానం ఉత్తర ధ్రువం మీదుగానే వచ్చింది. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో పైలట్లందరూ ఆడవాళ్లే. 17 గంటలు దాటింది.

మరి పోయేటప్పుడు 16, వచ్చేటప్పుడు 17 ఎందుకు? భూమి తిరగడం వల్ల అంటారు. భూమితోపాటు గాలీ తిరుగుతుంది. హోసూరు బస్సులో ఎగిరే ఈగ వెనక అద్దానికి కొట్టుకోదు కదా! అసలు కారణం పైన పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ అనే గాలి. తూర్పుకు, అంటే శాన్‌ఫ్రాన్సిస్కోకు, పోయే విమానాన్ని అది వెనక నుంచి తోస్తుంది, పడమటికి వచ్చేదానికి ఎదురొస్తుంది.

దారిని దేశాల తగాదాలూ మారుస్తాయి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన విమానాలకు మూసేశాక, ఢిల్లీ నుంచి అమెరికా పోయే కొన్ని వియన్నాలో దిగి ఇంధనం నింపుకోవలసి వచ్చింది. ఊళ్లు జరగలేదు, గంటలే పెరిగాయి.

మా వైపు వాళ్ల లెక్కలో ఇంకో దూరం ఉంది, అది టికెట్‌లో కనబడదు. 2008లో విమానాశ్రయం బెంగళూరుకు ఉత్తరాన దేవనహళ్లికి పోయింది. మేం దక్షిణం నుంచి, హోసూరు మీదుగా పోతాం. ఊరంతా దాటాలి. విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతుందన్న లెక్క సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో పనిచేయదు. మనవడు తెల్లారి మూడుకు దిగితే అవ్వ చేతి సంకటి వేడిగా తింటాడు. విమానం ఆలస్యమై ఎనిమిదికి దిగాడా, చల్లారిందే.