సున్నం మేస్త్రి కండ్లతో గడి

మా తాత, మా నాయన ఇద్దరూ సున్నం పని చేసినోళ్లే. నేనూ ఆ పనిలోనే పెరిగిన. అందుకే ఏ ఊళ్లో గడి కనబడ్డా నా చూపు ముందు గోడ మీదికే పోతది.

జనగామ పక్క గడి అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు. ఎత్తయిన ప్రహరీ, పెద్ద దర్వాజ, లోపల కచ్చేరి. అది దాటితే నడుమ వాకిలి, చుట్టూ టేకు స్తంభాల వరండా. దొరసాని ఉండే భాగం వెనకాల. కొన్నిటికి బురుజులూ ఉంటాయి. ఊరి శిస్తు, తగాదాలు, శిక్షలు అన్నీ ఆ కచ్చేరిలోనే తేలేవి.

19వ శతాబ్దంలో నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ శిస్తు గుత్తలు రద్దు చేసి, వాటికి బదులుగా ఈ గడుల దొరలైన దేశ్‌ముఖులకు ఏటా రుసుం ఇప్పించాడు. భూమి లెక్కలు ఎరిగినవాళ్లు కాబట్టి దేశ్‌ముఖులు వేల ఎకరాలు తమ పేరున రాయించుకున్నారు. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కింద 60 ఊళ్లు, 40 వేల ఎకరాలు ఉండేవంటారు.

ఇక గోడ సంగతి. కాల్చిన సున్నాన్ని నీళ్లతో చల్లార్చి, ఇసుక కలిపి, గుండ్రటి గానుగలో పోసి, ఎద్దులతో రాతి చక్రం తిప్పించాలి. బెల్లం నీళ్లు, కరక్కాయ నానిన నీళ్లు పోస్తారు. వేలికి వెన్నలా తగిలేదాకా నూరాలి. అదే డంగు సున్నం. గాలి పీల్చుకుంటూ ఏండ్లకేండ్లు గట్టిపడుతూనే ఉంటది. వాన తడి లోపలికి పోయినా ఎండకు బయటికొస్తది. దాని మీద సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కి, పెచ్చులు ఊడిపోతాయి. చాలా గడులు ఇట్లనే పాడైనయి.

గానుగ తిప్పిన ఎద్దులు రైతులవి, రాళ్లు మోసిన భుజాలు వెట్టివాళ్లవి అని మా తాత చెప్పేవాడు. కూలి ఊసే లేదు. 1946 జులై 4న కడవెండిలో వెట్టికి ఎదురు తిరిగిన సంఘం జనం ఊరేగింపుగా కదిలితే విసునూరు దొర మనుషులు తుపాకులు పేల్చారు. దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. అక్కడినుంచే సాయుధ పోరాటం రగిలింది.

దొరతనానికి గుర్తని గడులను కూలనిద్దామనేవాళ్ల బాధ నాకు తెలుసు. కానీ ఆ గోడ దొర కట్టింది కాదు, మా వాళ్లు కట్టింది. కామారెడ్డి జిల్లా దోమకొండ కోటను బాగుచేస్తే 2022లో యునెస్కో పురస్కారం వచ్చింది. మన పక్క గడులకూ ముందు పైకప్పు కారకుండా ఆపాలి, సిమెంటు గీకేసి సున్నం పెట్టాలి, దర్వాజ పక్కన వెట్టి చేసిన ఇండ్ల పేర్లు రాయాలి. ఆ పేర్లు చెప్పగల ముసలోళ్లు ఊళ్లల్ల ఇంకా ఉన్నారు.